కొన్నమ్మ కొడుకు

తీర్థాలు తిరిగి వచ్చిన మనిషి ముందుగా ఏ గంగలో మునిగిందో, ఏ స్వామిని కన్నులారా చూసిందో చెప్పాలి. నేను మాత్రం ఒక గోడ గురించి చెప్పబోతున్నాను. ఆ విశ్వనాథుడు నా మనసెరిగినవాడు గనుక తప్పు పట్టడనే నా నమ్మకం.

మొన్న కార్తీకంలో మా వీధి ఆడవాళ్లమంతా కలిసి విజయనగరంలో రైలెక్కి కాశీ, హరిద్వారం చూసుకుని, తిరుగు ప్రయాణంలో రైలు మారడానికి ఢిల్లీలో ఒక పగలు ఆగాం. మిగిలినవాళ్లు శాలువలు కొనుక్కుందామంటే, నేను యాత్రకు మమ్మల్ని తీసుకువెళ్లిన పెద్దమనిషిని బతిమాలుకున్నాను, యుద్ధాల్లో పోయిన మన సిపాయిల పేర్లన్నీ చెక్కిన చోటు ఒకటి ఉందట బాబూ, నన్నొక్కసారి అక్కడికి తీసుకుపోతే నీకు పుణ్యముంటుందని. ఆయన మంచివాడు, బజారు మానిపించి అందరినీ అక్కడికే తీసుకుపోయాడు. శాలువలు పోయాయని దారంతా సణిగిన మా ఆడపడుచు కూడా ఆ ఆవరణలో అడుగుపెట్టాక చెప్పులు విడిచి, కొంగు నిండా కప్పుకుంది. ఎవరూ విడవమని చెప్పలేదు, ఆమెకే అలా తోచింది.

ఒక చుట్టు లోపల ఇంకో చుట్టుగా గుండ్రంగా గోడలు, ఆ గోడల నిండా రాళ్లు, రాయికొక పేరు. నడిమధ్యన ఎత్తైన స్తంభం, దాని కింద ఆరని జ్యోతి. గుడిలో ప్రదక్షిణ చేసినట్టే నడిచాం. మా చిన్నాన్న పేరూ, జిల్లా, బంగ్లాదేశ్ కోసం జరిగిన యుద్ధమనీ మా పెద్దమనిషి హిందీలో చెబితే, అక్కడున్న ఒక నడివయసు సిపాయి వెతికి మమ్మల్ని ఒక గోడ దగ్గరకు తీసుకుపోయి, ఒక రాయిమీద వేలు పెట్టి చదివాడు. తెలుగు అక్షరాలు కావు గనుక నేను చదవలేకపోయాను. కానీ అతని నోట ఆ పేరు దీర్ఘాలు తీసుకుని 'తావుడూ' అని వచ్చినా నా గుండెకు తెలిసిపోయింది.

వెనకనుంచి మా ఆడపడుచు ఉండబట్టలేకపోయింది.

"ఓలమ్మో, తవుడేటి వదినా? ఇంత పెద్ద గోడ కట్టి దానిమీద తవుడని సెక్కినారా! మీ ఇంట్లో ఆ పిల్లడికి మంచి పేరెట్టడానికి ఎవులూ లేకపోనారేటి?"

నలుగురూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్లు నిండిపోయి రాయి కనబడకుండా పోయింది. ఆ పేరు అక్కడ అలాగే ఉండడానికి ఒక కథ ఉందనీ, ఆ పేరును మార్చనివ్వకుండా ఒక తల్లి కాపలా కాసిందనీ వాళ్లకు తెలియదు కదా. ఆ కథ రైల్లో చెప్పడం మొదలుపెడితే రాయగడ దాటి పార్వతీపురం వచ్చేవరకు సాగింది. దిగేటప్పుడు మా ఆడపడుచే అంది, ఇది రాసి పెట్టు వదినా, మన తరవాత చెప్పేవాళ్లుండరు అని. బడి మెట్లెక్కిన దాన్ని కాను, వచ్చిన నాలుగు అక్షరాలతో రాస్తున్నాను. ఆ అక్షరాలు దిద్దించినది కూడా ఆ రాయిమీదున్న మా చిన్నాన్నే.

మా పల్లె శ్రీకాకుళానికి తూర్పున, గాలివాటును బట్టి సముద్రపు హోరు వినిపించీ వినిపించనంత దూరంలో ఉండేది. పల్లంలో వరి, మెరకలో మేం చోళ్లనే రాగులు, గోగు. మా నాయనమ్మకు మా నాన్న తరువాత పుట్టినవాళ్లు పుట్టినట్టే పోయారు. ఒక బిడ్డ పురిట్లోనే, ఒక బిడ్డ బోర్లాపడే వయసులో, ఒక బిడ్డ మాటలు నేర్చి అమ్మా అని పిలిచాక. ఆ మూడో బిడ్డ గురించి నాయనమ్మ ఏనాడూ మాట్లాడేది కాదు. అరసవల్లి స్వామికి మొక్కింది, పైడితల్లమ్మకు ముడుపు కట్టింది. చివరికి చిన్నాన్న పుట్టినప్పుడు మంత్రసాని చెప్పిందట, ఈ బిడ్డను నీ బిడ్డగా ఉంచుకోకు, అమ్మేయి అని.

నా ఈడువాళ్లకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు, చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను. పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డ పుడితే, ఆ బిడ్డను చేటలో పడుకోబెట్టి పెంటమీద ఉంచేవారు. ఆ దారిన మొదట వచ్చిన మనిషి చేటెడు తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కోవాలి. ఆనాటినుంచి బిడ్డ ఆ మనిషిది. కన్నతల్లి ఊరికే పెంచి పెడుతుందన్న మాట. తవుడుకు కొన్న బిడ్డ గనుక పేరు తవుడు, లేకపోతే తవిటయ్య, ఆడపిల్లయితే తవిటమ్మ. అంత చవకబారు పేరున్న బిడ్డవైపు మృత్యువు కన్నెత్తి చూడదని మా పెద్దవాళ్ల ధీమా. బిడ్డ పెరిగి పెళ్లీడుకు వచ్చాక, కన్నతల్లి అంతే తవుడు తిరిగి కొలిచి ఇచ్చి బిడ్డను వెనక్కి తెచ్చుకుని మంచి పేరు పెట్టుకోవచ్చు. చాలామంది ఆ తిరిగి కొనడం సంగతి మరచిపోయేవారు, ఆ పేరుతోనే ముసలివాళ్లయిపోయేవారు.

ఆ ఉదయం మా పెంటదారిన మొదట వచ్చినది సముద్రపు ఒడ్డు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఎండుచేపలు అమ్ముకునే ఒక మనిషి. అంతకుముందు వేరే ఇంట్లో చేపలకు మారుగా మేక కోసం తవుడు పోయించుకుని వస్తోందట. విషయం చెబితే తట్ట దించి, మారుమాట లేకుండా ఆ తవుడంతా చేటలోకి వంచి, బిడ్డను ఎత్తుకుని ముద్దాడి, ఇల్లు చుట్టూ ఒక్కసారి తిరిగి, గుమ్మంలో బాలింతరాలిగా కూర్చున్న మా నాయనమ్మ ఒళ్లో పెట్టిందట. నా పిల్లణ్ణి జాగర్తగా పెంచు అప్పా, మళ్లీ వచ్చినప్పుడు ఒళ్లు రాలేదో నీ పని సెప్తాను అందట. ఆనాటినుంచి నాయనమ్మ ఆమెకు అప్ప, ఆమె నాయనమ్మకు చెల్లెలు. ఆమె పెనిమిటి ఒకనాడు తెప్పమీద సముద్రంలోకి వెళ్లి తెప్పతో సహా తిరిగి రాలేదు. ఉన్నది ఒక్క కూతురే, మగబిడ్డలు లేరు. అలా మా చిన్నాన్నే ఆమెకు కొడుకయ్యాడు.

మాటలు వచ్చాక చిన్నాన్న ఆమెకు తానే పేరు పెట్టాడు. కన్నది కన్నమ్మ, కొన్నది కొన్నమ్మ. ఊరందరికీ ఆమె కొన్నమ్మే అయిపోయింది. వచ్చిన ప్రతిసారీ ఆమె తట్టలో అడుగున ఆకులో చుట్టిన మంచి చేప ఒకటి ఉండేది, అది అమ్మకానికి కాదు. మా నాయనమ్మ పొరపాటున కూడా 'నా కొడుకు' అనేది కాదు. ఎవరైనా ఆ అబ్బాయి ఎవరని అడిగితే, కొన్నమ్మ కొడుకు, మా ఇంట్లో పెరుగుతున్నాడు అని చెప్పేది. అలా చెప్పినప్పుడు ఆమె మొహంలో కనబడేది బాధ కాదు, భద్రత. తాళం వేసిన పెట్టెమీద చెయ్యి వేసుకున్నట్టుండేది.

చిన్నాన్న ఆరడుగుల మనిషయ్యాడు. మా వైపు పల్లెల నుంచి పట్టాళానికి వెళ్లడం ఆనాటికే వాడుక. విజయనగరంలో మనుషులను చేర్చుకుంటున్నారని తెలిసి తానూ వెళతానన్నాడు. నాయనమ్మ ససేమిరా అంది. ఆయన నవ్వి, కన్నమ్మ వద్దంటే కొన్నమ్మ ఉన్నాది, హక్కున్న తల్లిని అడుగుతానని సముద్రపు దారి పట్టాడు. కొన్నమ్మ తానే వచ్చి నాయనమ్మకు నచ్చచెప్పింది.

"సముద్రం మీదకి ఎల్తానంటే కాళ్లిరగ్గొట్టి కూకోబెడదును అప్పా. నేల మీద ఎక్కడికెల్లినా నా గుంటడు తిరిగొస్తాడు. ఆ పేరున్నోడి జోలికి ఎవడొస్తాడు?"

చేర్చుకునేచోట పేరు చెప్పమంటే ఆయన తవుడనే చెప్పాడు, వాళ్లు అలాగే రాసుకున్నారు. అక్కడున్న ఉత్తరాదివాళ్లకు ఆ మాటకు అర్థం తెలియదు గనుక ఎవరూ నవ్వలేదనీ, తన పేరు అంత మర్యాదగా పిలిపించుకున్నది పట్టాళంలోనేననీ సెలవుకు వచ్చినప్పుడు చెప్పి నవ్వించేవాడు.

ఆ సెలవులే నాకు బడి. ఆడపిల్లకు చదువెందుకని మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనలేదు, కానీ బడి పొరుగూళ్లో ఉండడంతో పంపలేదు. చిన్నాన్న అరుగుమీద ఇసుక పోసి నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఒక సెలవులో అచ్చులు, మరో సెలవులో హల్లులు, మరుసటి ఏడాది గుణింతాలు. వత్తులు మాత్రం మిగిలిపోయాయి. వాటిని తరువాత మా నాన్న దగ్గరున్న పురాణం పుస్తకాలు చూసి నాకు నేనే కూడబలుక్కున్నాను. ఈ రోజుకీ దేవుడి దగ్గర స్తోత్రాలు చదువుకుంటున్నానంటే ఆ ఇసుక చలవే. ఆయన రుణం నేనేం తీర్చుకోగలను, దీపం పెట్టినప్పుడల్లా తలచుకోవడం తప్ప.

ఆ తరువాత చీపురుపల్లి వైపు నుంచి ఒక సంబంధం కుదిరింది. పిల్ల లక్ష్మీదేవిలా ఉండేది, పెద్దవాళ్లు కూడా మంచివాళ్లే. కానీ శుభలేఖలో తవుడని ఎలా అచ్చు వేయిస్తాం, ముందు ఆ కొనుక్కునే తంతు ముగించి మంచి పేరు పెట్టండి అన్నారు. వాళ్లు అడిగింది అన్యాయం కాదు. చిన్నాన్న రాబోయే సెలవులో పెళ్లి. ఆయన వచ్చేలోగానే తంతు జరిపించాలి, మనిషి దగ్గర లేకపోతే ఒంటిమీద వేసుకున్న బట్ట పెట్టినా చెల్లుతుందని ఊరి పెద్దలు చెప్పారు. అలా చిన్నాన్న విడిచి వెళ్లిన పొందూరు ఖద్దరు చొక్కా ఒకటి చేటలో మడిచి పెట్టారు. తవుడు గంప నేనే మోసుకొచ్చాను.

నాయనమ్మ ఒక చేటకు రెండు చేటలు కొలిచి పోసింది. కొన్నమ్మ ఆ చొక్కాను ఎత్తి మొహానికి ఆనించుకుని, చాలాసేపటి వరకు ఇవ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఇబ్బందిగా కదులుతుంటే, తానే నవ్వు తెచ్చుకుంది.

"ఇన్నాళ్లూ మా పేటలో మీసం లేనిదాన్నయినా మీసం మెలేసినాను అప్పా, నా కొడుకు పట్టాళంలో ఉన్నాడని. రేపట్నించి నానేటని సెప్పుకోను?"

"సేపలమ్ముకునేదానివి, సేపలని సెప్పు," అంది నాయనమ్మ. అందరూ గొల్లుమన్నారు. కొన్నమ్మ కూడా నవ్వి చొక్కా ఇచ్చేసింది. నాయనమ్మ దాన్ని గుండెకు హత్తుకుని, సూర్యనారాయణా అని ముమ్మారు పిలిచింది. ఆ వెంటనే ఆమె నోట నేను మొదటిసారి విన్నాను, 'నా కొడుకు' అన్న మాట. అంత వయసు మనిషి చిన్నపిల్లలా పదిమందికీ వినబడేలా మళ్లీ మళ్లీ అంది. నా కొడుకు సూరీనారాయణ, నా కొడుకు సూరీనారాయణ.

ఆ సాయంత్రం కొన్నమ్మ వెనకాలే నేనూ వాళ్ల పేటకు వెళ్లాను. పండగలకూ పబ్బాలకూ అలా వెళ్లి సముద్రంలో మునిగి రావడం నాకు అలవాటే. ఇంటికి చేరాక తట్ట దించి, ఆ తవుడులో నీళ్లు కలిపి మేక ముందు పెట్టింది. మేక తింటుంటే దాని వీపు నిమురుతూ పక్కనే కూర్చుంది. అది అడుగంటా నాకేవరకు ఆమె అక్కణ్ణుంచి లేవలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను కళ్లారా చూసినది.

చిన్నాన్న సెలవు రాలేదు, యుద్ధం వచ్చింది. పంచాయితీ రేడియో దగ్గర ఊరంతా మూగేది. విశాఖపట్నం మీద విమానాలు వస్తాయని, దీపాలకు నల్ల కాగితాలు చుట్టమని చెప్పేవారు. నాయనమ్మ పూజలో అరసవల్లి స్వామి పటం ముందు కూర్చుని, కొడుకు పేరూ దేవుడి పేరూ ఒకటే కావడంతో ఎవరిని పిలుస్తోందో తెలియకుండా సూరీనారాయణా సూరీనారాయణా అని జపించేది. యుద్ధం ముగిసిందని, మనవాళ్లు గెలిచారని రేడియో చెప్పింది. ఊళ్లో బెల్లం పంచిపెట్టారు. ఆ బెల్లం రుచి నోట్లో ఉండగానే తంతి వచ్చింది. బడి పంతులుగారు చదివి, కాగితం మా నాన్న చేతిలో పెట్టి తలవంచుకుని నిలబడ్డారు. మనిషిని అక్కడే దహనం చేశారట. మా ఇంటికి వచ్చినవి తరువాత ఒక పెట్టెలో నాలుగు బట్టలూ, ఒక అద్దం, దువ్వెనా.

నాయనమ్మ ఏడవలేదు. ఏడుస్తుందని అందరూ కాచుకుని కూర్చున్నారు, పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు కౌగిలించుకుని శోకాలు పెట్టారు, ఆమె మాత్రం వసారా గోడకు చేరగిలబడి ఒకే మాట అంది. నానే సంపినాను. ఏమంటున్నావమ్మా అని మా నాన్న కాళ్లు పట్టుకుంటే, లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. తవుడుగా ఉన్నన్నాళ్లూ ఆడి జోలికెవడూ రాలేదు. నాకు ఆశ పుట్టింది. నా కొడుకు నా కొడుకని డప్పేసినాను. యముడికి ఇనపడింది.

ఆ నమ్మకం ఆమె ఒక్కదానిదే కాదు, ఇంటిల్లిపాదిదీ, ఊరందరిదీను. కన్నబిడ్డలు నిలవక, ఆ ఆచారం వల్లనే ఒక బిడ్డ నిలిచాడని నమ్మిన మనిషిని, ఆ ఆచారం విడిపించుకున్నందుకు బిడ్డ పోలేదని ఎలా నమ్మించడం? పురోహితులవారు వచ్చి కర్మ గురించి చెప్పారు. పంతులుగారు దేశం కోసం ప్రాణమిచ్చినవాడికి చావు లేదన్నారు. నాయనమ్మ అన్నిటికీ తలూపేది, కంచం ముందు పెడితే పక్కకు జరిపేది. మంచినీళ్లు కూడా మా అమ్మ బలవంతాన రెండు గుక్కలు తాగించవలసి వచ్చేది. రోజురోజుకూ గోడకూ ఆమెకూ తేడా లేకుండా పోతోంది. ఆమె మనకు దక్కదని మా అమ్మ వంటింట్లో కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం నేను చూశాను. కొడుకుతో పాటు తల్లిని కూడా సాగనంపవలసి వస్తుందని ఊరంతా అనుకుంటోంది.

కొన్నమ్మకు కబురు ఆలస్యంగా అందింది. ఆమె వస్తే ఏమవుతుందోనని మా ఇంట్లో భయం. నా దగ్గర ఉంటే బతికేవాడు, ఎందుకు లాక్కున్నావని ఆమె ఒక్క మాటంటే చాలు, నాయనమ్మ ఆ క్షణమే పోతుంది. మిట్టమధ్యాహ్నం ఆమె వీధి మలుపు తిరగడం చూసి మా నాన్న ఎదురెళ్లి ఏదో చెప్పబోయాడు. ఆమె ఆగలేదు. నెత్తిన తట్ట లేకుండా కొన్నమ్మను చూడడం అదే మొదటిసారి, అందుకేనేమో మనిషి పొట్టిగా అయిపోయినట్టు కనిపించింది. గుమ్మంలోకి వస్తూనే కేకేసింది.

"ఎవులే ఇక్కడ, నా కొడుకు కోసం కూడు మానేసి కూకున్నాది?"

నాయనమ్మ తలెత్తింది.

"ఆ తంతి కాయితం తీయి బాబూ," అంది కొన్నమ్మ మా నాన్నతో. "దానిమీద ఏ పేరున్నాదో సదువు."

మా నాన్న కాగితం తీసి మడత విప్పాడు. "తవుడు అనే ఉంది," అన్నాడు.

"గట్టిగ సదువు. మీయమ్మకి ఇనపడాల. సూరీనారాయణ అని ఉన్నాదేటి?"

"లేదు. తవుడు."

ఆమె నాయనమ్మ ఎదురుగా చతికిలబడింది. "మరేటి అప్పా? సర్కారోడికి తెలిసినపాటి నీకు తెలీదేటి? పోయినోడు తవుడు. తవుడు నా కొడుకు."

"నాను కొలిసిచ్చినాను కదే సెల్లీ," అంది నాయనమ్మ. ఎన్నో రోజుల తరువాత ఆమె గొంతు విన్నాం. "పట్టికెల్లినావు కదే."

"పట్టికెల్లినాను. ఊరు దాటినాక మనసొప్పనేదు. కాలవలో కుమ్మరించీసినాను. నీ తవుడు నా గుమ్మం తొక్కనేదు, ఆ బేరం సెల్లనేదు. నా కొడుకు నా కొడుకుగానే ఎల్లినాడు, నా కొడుకుగానే పోనాడు. నీకు పెంచిన పాశం ఉన్నాది, ఏడు, ఎవులొద్దన్నారు? అంతేగాని నానే సంపినాను, నానే సంపినాను అని ఊరంతా సెప్తన్నావట. నా కొడుకుని సంపడానికి నువ్వెవులవే?"

తవుడు తిన్న ఆ మేక నా కళ్ల ముందు మెదిలింది. నేను అక్కడే స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాను. నా పెదవి కదిలిందేమో, కొన్నమ్మ కళ్లు ఒక్కసారి నామీద ఆగాయి. అందులో కోపం లేదు, బెదిరింపు లేదు. దాహమేసిన మనిషి నీళ్లడిగినట్టుంది ఆ చూపు. నేను నోరు మూసుకున్నాను. ఆ వయసులో నాకంత తెలివి ఎక్కడిది, ఆ స్వామే నా నోరు మూయించాడని ఈ రోజుకీ నమ్ముతాను.

నాయనమ్మ చాలాసేపు ఆమెను చూసింది. ఆ తరువాత నాయనమ్మ మొహం ముడతలు పడి, లోపలెక్కడో కట్ట తెగినట్టు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు కోసమే మా అమ్మ మొక్కని దేవుడు లేడు. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని, ఒకరు నా తండ్రీ అని, ఒకరు నా నాయనా అని ఏడ్చారు. ఎంతసేపటికో కొన్నమ్మ లేచి, తానే వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజుల్లో ఆమె మా వసారా దాటి లోపలికి వచ్చింది లేదు, ఎవరూ రమ్మన్నదీ లేదు. ఆ పూట ఎవరూ ఆపలేదు. కుండలోంచి చోడంబలి ముంచి తెచ్చి నాయనమ్మ నోటికి అందిస్తే, నాయనమ్మ తాగింది. అడుగంటా తాగింది.

నాయనమ్మ అలా బతికింది. ఆ తరువాత పట్టాళం కాగితాల పని పడినప్పుడు, ఇప్పుడైనా మంచి పేరు రాయిద్దామా అని మా నాన్న అడిగితే మాత్రం పాత నాయనమ్మ లేచి వచ్చింది. ఆ పేరు ముట్టుకున్నోడి సెయ్యి ఇరగ్గొడతాను అంది. పేరు మారితే బేరం చెల్లినట్టేనని ఆమె బెంగ. అలా ఎక్కడా మారకుండా మిగిలిన పేరే, ఎన్ని చేతులు దాటి వెళ్లిందో, ఆ ఢిల్లీ గోడ ఎక్కింది. చీపురుపల్లి పిల్లకు మరో సంబంధం కుదిరినప్పుడు నాయనమ్మే చీర పంపించి, ఆ బిడ్డ చల్లగా ఉండాలని దీవించింది. ప్రతి ఏడూ పెద్దల అమావాస్యకు కొన్నమ్మ మా ఇంటికి వచ్చేది. ఊళ్లో ఎవరు అడిగినా నాయనమ్మ మళ్లీ పాత మాటే చెప్పేది, కొన్నమ్మ కొడుకు, మా ఇంట్లో పెరిగినాడని.

కొన్నమ్మ ముందు పోయింది. నాకు పెళ్లయి విజయనగరం వచ్చాక సంగతి. ఆ తరువాత కొన్నాళ్లకు నాయనమ్మ మంచం పట్టిందని తెలిసి వెళ్లాను. ఒక మధ్యాహ్నం తలకు ఆముదం రాస్తుంటే, తనలో తాను నవ్వుకుంది. ఏమిటి నాయనమ్మా అంటే, చెవిలో చెప్పాలన్నట్టు నన్ను దగ్గరకు లాక్కుంది.

"ఎండుసేప ముక్కకాడ గుప్పెడు గింజలకి దెబ్బలాడే మనిషే అది. తట్టెడు తవుడు కాలవలో పోస్తాదేటే? దాని మేకేటి తింటాది?"

నా చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ నేను దాచానని అనుకున్నది ఆమెకు ఆ రోజే తెలుసు.

"మరి ఆ రోజు నమ్మినట్టు అంబలెందుకు తాగావు?" అన్నాను.

"మరేటి సేస్తాను? కొడుకులేని మనిషి, ఉన్న ఒక్క కొడుకునీ నాకు తిరిగిచ్చీసిన మనిషి, ఆడి సావుని తన నెత్తిన ఎట్టుకుని ఎండలో అంత దూరం నడిసొచ్చినాది. కాదని తిప్పి పంపీమంటావేటే?"

ఆముదం రాయమని తల వంచింది.

ఈ సంగతి అంతా రైల్లో చెప్పాక నేను ఆలోచనలో పడ్డాను. ఇప్పుడు మా వైపు తవుడని పేరు పెట్టేవారు లేరు. పురిట్లో బిడ్డలు పోవడం ఎంతో తగ్గింది, ఏ తల్లీ తన బిడ్డను పెంటమీద పెట్టి ఎదురుచూడనక్కర్లేకుండా చేసిన ఆ భగవంతుడికీ, ఆ డాక్టరమ్మలకూ నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ రోజులు తిరిగి రావాలని ఎంతమాత్రం కోరను. కానీ కష్టం వచ్చిన ఇంటికి ఇప్పుడు ఎంతమంది వచ్చినా, ఫోనులో ఎన్ని మంచి మాటలు పంపినా, బాధపడకు అని చెప్పి వెళ్లిపోయేవారే. ఇది నీది కాదు, నాది, ఇలా ఇచ్చేయి అని గుమ్మంలో నిలబడి దెబ్బలాడే మనిషి కనబడదు. అబద్ధమని తెలిసీ ఆ అబద్ధాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుని పుచ్చుకునే మనిషీ కనబడదు. ఇవ్వడానికీ, పుచ్చుకోవడానికీ కూడా ముందు ఎన్నో ఏళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కి ఉండాలేమో.

మా వీధిలోకి ఇప్పుడు చేపలు ఆటోలో వస్తాయి. శనివారం తప్ప రోజూ ఒకామె వచ్చి కేకేస్తుంది. తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి గిన్నె అందిస్తాను, ఆ సందులోంచే బేరమాడతాను. ఆమెది ఏ పేటో, పిల్లలెందరో ఈ రోజైనా అడుగుదామనుకుంటూ గొలుసు తీసేసరికి ఆటో పక్క వీధిలోకి తిరిగిపోతుంది.